రెండో శనివారం పాఠం

"వేదాంతం" అన్న మాటకు మన వాడుకలో కాస్త పరువు తక్కువ. పని మానేసి కబుర్లు చెప్పేవాణ్ణి చూసి "వేదాంతం వల్లించకు" అంటాం. పండితుల మధ్య కూర్చున్నప్పుడు మాత్రం అదే మాట ఉపనిషత్తులనూ, శంకర రామానుజులనూ గుర్తుకు తెస్తుంది. ఈ రెంటికీ దూరంగా మూడో అర్థం ఒకటి ఉంది. తెలుగు క్రైస్తవులు తమ పాస్టర్లు చదువుకునే చోటిని "వేదాంత కళాశాల" అంటారు. హైదరాబాదులో దిగువ ట్యాంకుబండు దగ్గర ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల బోర్డు చూసి, మిత్రుడొకాయన "అక్కడ ఎవరి భాష్యం చెబుతారండీ?" అని నన్ను అడిగారు. ఆయన వేళాకోళానికి అడగలేదు, తెలియకే అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. సరైన జవాబు నాకూ తెలియదు. అది తెలియడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. తెలిసింది కూడా కళాశాలలో కాదు, యాప్రాల్‌లో ఒక డాబా పైవాటాలో, రెండో శనివారాలు కూర్చుని కూర్చుని.

యాప్రాల్ తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. సికింద్రాబాదు కంటోన్మెంటును ఆనుకుని ఉన్న ఊరు ఇది. ఒక పక్క సైన్యం వారి ముళ్ళకంచెలు, మరో పక్క పదవీ విరమణ చేసిన సైనికోద్యోగులు కట్టుకున్న కాలనీలు, ఆ మధ్య మిగిలిన పాత ఊరు. కేరళవారు, తమిళులు, ఈశాన్య రాష్ట్రాలవారు, పంజాబీలు, మనవాళ్ళు, అందరూ ఒకే కిరాణా కొట్టు ముందు కనబడతారు. దగ్గరలోనే బొల్లారంలో 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఉంది. ఆంగ్లేయ సైనికుల కోసం, విక్టోరియా రాణి ఇచ్చిన సొమ్ముతో కట్టిన గుడి అది. ఆ రంగుటద్దాల కిటికీలకూ, నేను చెప్పబోయే పైవాటాకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. అయినా ఆ రెండూ వేరు వేరు లోకాలు.

ఉద్యోగ విరమణ చేసి నేను ఈ ఊరికి వచ్చాను. ముప్పయ్యేళ్ళు డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. పుట్టుకతో క్రైస్తవుణ్ణి. మా తాతగారు డోర్నకల్ అధ్యక్షమండలంలో ఉపదేశి. ఉపదేశి అంటే గురువు పట్టా లేకుండా పల్లెలో బడి చెప్పి, ప్రార్థన జరిపి, జ్వరానికి మాత్రలు ఇచ్చి, చావుకు పాడె మోసే మనిషి. మా నాన్నగారు గుమాస్తా అయ్యారు, నేను మాస్టారునయ్యాను, తాతగారి సంచీ అటక మీదికి పోయింది. గుడికి క్రిస్మసుకూ ఈస్టరుకూ వెళ్ళేవాణ్ణి. అంతకు మించిన సంబంధం ఉండేది కాదు.

మా వీధి చివర ఒక వృద్ధ పాస్టరుగారు ఉండేవారు. అందరూ ఆయన్ని "పెద్దయ్యగారు" అంటారు, నేనూ అలాగే అంటాను. వేదాంత కళాశాలలో బి.డి. చదివి, చాలా పల్లెల్లో పనిచేసి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన ఒక పని పెట్టుకున్నారు. ప్రతి నెలా రెండో శనివారం పదిమంది, పన్నెండుమంది పల్లె పాస్టర్లు ఆయన పైవాటాకు వస్తారు. ఎవరూ పెద్ద సంఘాలవారు కారు. ఒకరికి ముప్పై కుటుంబాలు, ఒకరికి తొమ్మిది. కొందరికి గుడి కూడా లేదు, రేకుల షెడ్డే గుడి. వారంలో ఆరు రోజులు సెంట్రింగు పనో, ఆటోనో, కూలో. ఏడో రోజు బోధ. ఇద్దరు స్త్రీలు కూడా వచ్చేవారు. పాత మాటలో చెప్పాలంటే బైబిలు స్త్రీలు.

ఒకనాడు పెద్దయ్యగారు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మావాళ్ళకు కాస్త తెలుగు చెప్పండి. పాఠాలు ఇంగ్లీషు నుంచి తర్జుమా అయినవి, నాకే కొరుకుడు పడడం లేదు" అన్నారు. తెలుగు చెప్పమంటే కాదనగలవాణ్ణా? ఎర్రసిరా పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఆ పెన్ను కథే ఇదంతా.

అక్కడికి వెళ్ళాక గాని ఈ చదువు వెనక ఇంత చరిత్ర ఉందని నాకు తెలియలేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాతు కరువు వెన్ను విరిచిన కాలం అది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం గుత్తకు తీసుకుని కూలి ఇప్పించిన తరువాతి సంగతి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలో నిలబడ్డారట. ఈ కథను మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. పెద్దయ్యగారు మాత్రం ఇలా అడిగేవారు: "ముంచడానికి ఒక పగలు చాలింది. మర్నాడు పొద్దున ఆ రెండువేలమందికీ చదువు చెప్పిందెవరు?" సముద్రం ఒడ్డున రామాయపట్నంలో బాప్టిస్టులు పెట్టిన బోధకుల పాఠశాల అప్పటికి కొద్ది సంవత్సరాల పసిది. ఒక బోధకుణ్ణి తయారు చేయడానికి ఏళ్ళు పడతాయి. ఊళ్ళకు ఊళ్ళు కదలడానికి వారం చాలు. తెలుగు సంఘాల చదువు చరిత్ర అంతా ఈ తేడాను పూడ్చడానికి పడిన పాటే.

తరువాతి కాలంలో ఒక్కొక్క మిషను ఒక్కొక్క పాఠశాల పెట్టుకుంది. లూథరన్లకు రాజమండ్రిలో లూథర్‌గిరి, బాప్టిస్టులకు రామాయపట్నం, ఆంగ్లికన్లకు డోర్నకల్. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి కొన్ని శాఖలు ఒక్కటయ్యాక, చదువు కూడా కలిసి చెప్పుకోవాలన్న ఆలోచన బలపడింది. 1964లో వివిధ సంఘాలవారు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను మొదలుపెట్టారు. తరువాతి దశాబ్దంలో అది హైదరాబాదుకు తరలి వచ్చింది. పట్టాలు శ్రీరాంపూరు సెనేటు పేరున వస్తాయి. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు స్థాపించిన శ్రీరాంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు ఇచ్చిన శాసనం ఆ పట్టాలకు మూలం. బెంగాలులో డేనిష్ రాజు ఇచ్చిన హక్కుతో, తెలుగు పల్లె కుర్రవాడు హైదరాబాదులో హీబ్రూ నేర్చుకుంటాడన్న మాట. మన దేశంలో ఇలాంటి వింతలు ఎన్నో!

మరి ఆ కళాశాల ఉండగా ఈ పైవాటా ఎందుకు? నేనూ అడిగాను. "అక్కడికి వెళ్ళాలంటే ఇంటరో, డిగ్రీయో ఉండాలి. ఏళ్ళ తరబడి పని మానుకోవాలి. పెళ్ళాం పిల్లలను ఎవరు సాకుతారు? ఇంకో మాట. చదివి వెళ్ళినవాడు పట్నం రుచి మరిగితే పల్లెకు రాడు" అన్నారు పెద్దయ్యగారు. ఈ చిక్కు ఒక్క తెలుగువాళ్ళదే కాదు. 1963లో మధ్య అమెరికాలోని గ్వాతెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ పెద్దలు ఇదే గమనించారు. పట్నంలో చదివినవాళ్ళు పల్లె సంఘాలకు తిరిగి పోవడం లేదు. పల్లెల్లో నిజంగా సంఘాన్ని నడిపే పెద్దలేమో ఊరు వదిలి రాలేరు. అందుకని విద్యార్థిని కళాశాలకు రప్పించడం మాని, కళాశాలనే విద్యార్థి దగ్గరకు పంపారు. ఇంట్లో చదువుకోవడానికి పుస్తకం, మధ్యలో తన సంఘంలో తన పని, నిర్ణీత రోజున నలుగురూ కలిసే కూటం. 1971లో బెంగుళూరులో టాఫ్టీ అన్న సంస్థ ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చింది. పెద్దయ్యగారి పైవాటా దానికి ఒక ఇంటి నకలు.

కూటం నడిచే తీరు ఇది. ముందు ప్రతి ఒక్కరూ ఆ నెలలో తమకు ఎదురైన ఒక్క సంగతి చెప్పాలి. వాక్యం కాదు, సాక్ష్యం కాదు, జరిగింది జరిగినట్టు. "క్షయ జబ్బు మనిషి నా ప్రార్థనతో తగ్గింది, ఇంక మందులు ఎందుకు అంటున్నాడయ్యగారూ." "భార్యను కొట్టి వచ్చి ప్రభురాత్రి భోజనానికి చేయి చాపాడు." "ఊరి బోనాలకు చందా అడిగారు, ఇస్తే సంఘం తిడుతుంది, ఇవ్వకపోతే ఊరు తిడుతుంది." పెద్దయ్యగారు వెంటనే తీర్పు చెప్పేవారు కారు. "మీరైతే ఏం చేస్తారు?" అని మిగతావారిని అడిగేవారు. ఒక్క మందుల విషయంలో మాత్రం ఆగేవారు కారు. "ప్రార్థన చేయి. మాత్ర మింగేదాకా పక్కనే కూర్చో. మందు మానమన్న రోజున నువ్వు కాపరివి కావు" అని గద్దించేవారు. టీవీలో అరిచి చెప్పే బోధలు చూసి నేర్చుకున్నవాళ్ళు ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసు. ఆ తరువాత పుస్తకంలోని పాఠం. ఆ తరువాత నా తెలుగు. చివర అమ్మగారు వడ్డించే పప్పు, కోడికూర.

ఒకసారి ఒకతను పిల్లవాడి బడి దరఖాస్తు తెచ్చాడు. అందులో కులం గడి, మతం గడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు ఆ తలుపు తెరుచుకోలేదు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతుల్లో సి గుంపు కింద, ఒక శాతం వాటాలో ఉంటారు. వేదిక మీద తండ్రి ఒకటి, కాగితం మీద కొడుకు ఒకటి కావలసి వస్తుంది. ఆ మనిషి కాగితం ముందు పెట్టుకుని తల వంచుకున్నాడు. గదిలో చప్పుడు లేదు. పెద్దయ్యగారు చాలాసేపటికి అన్నారు: "ఏం రాయాలో నేను చెప్పను నాయనా. ఏది రాసినా ఇక్కడికి రావడం మాత్రం మానకు." 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు సుమారు 1.3 శాతం. ఆ అంకె మీద వాదించేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ వంచిన తల గుర్తొస్తుంది.

ఇక నా సంగతి. గజ్వేల్ వైపు పల్లె నుంచి ఒక కుర్ర పాస్టరు వచ్చేవాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. సెంట్రింగు పని. పదో తరగతి. ఒకనాడు మాదిరి ప్రసంగం చెప్పమంటే తప్పిపోయిన కొడుకు కథ అందుకున్నాడు. ఇంటి ముఖం పట్టిన కొడుకును దూరం నుంచే చూసి ముసలి తండ్రి ఎదురు వెళ్ళిన చోటుకు వచ్చి, గొంతు పెంచి "ఉరికిండు!" అన్నాడు. గదిలో అందరి కళ్ళూ మెరిశాయి. నేను పెన్ను ఎత్తాను. "ఉరికిండు కాదు నాయనా, పరుగెత్తెను. వేదిక మీద మర్యాదగల భాష ఉండాలి" అన్నాను. అతను "అట్లనే సారూ" అన్నాడు. ఆ తరువాత నాలుగు నెలలు తన ప్రసంగాలు నోటుబుక్కులో రాసి తెచ్చేవాడు. నేను పుటకు ఇరవై చోట్ల ఎర్రసిరా పూసి ఇచ్చేవాణ్ణి. ఐదో నెల రాలేదు. ఆరో నెలా రాలేదు.

"ఫోను ఎత్తుతున్నాడు, వస్తానంటున్నాడు, రావడం లేదు. ఒకసారి మీరు వెళ్ళి చూడండి" అన్నారు పెద్దయ్యగారు. నేనెందుకు అని అడగబోయి ఆగాను. ఆయన చూపులో కారణం ఉంది. జూబిలీ బస్టాండులో బస్సెక్కాను.

అతను ఒక కొత్త ఇంటి స్లాబు కింద కర్రలు విప్పుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని, "సారూ, మీరొచ్చిండ్రా! మంచిగున్నరా?" అంటూ ఎదురొచ్చాడు. ఇంటికి తీసుకువెళ్ళి చాయ్ ఇప్పించాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. ఆ ఊళ్ళో సంఘానికి చెందిన ఒక పడుచువాడు కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. ఇతనికి అదే మొదటి భూస్థాపన. భయంతో రాత్రంతా కూర్చుని, నా దిద్దుబాట్లు ముందు పెట్టుకుని, మర్యాదగల తెలుగులో రాసుకున్నాడు. చెరువు శిఖం పక్కన గొయ్యి తవ్వారు. అది తప్ప వాళ్ళకు వేరే చోటు లేదు. గొయ్యి ఒడ్డున నిలబడి తప్పు లేకుండా చదివాడు. అంతా అయ్యాక చనిపోయినవాడి తల్లి దగ్గరికొచ్చి అడిగిందట: "నా కొడుకు గురించి ఏమన్నవు బిడ్డా? నాకు సమజ్ కాలె."

"మల్ల మీ దగ్గరికి రావాల్నంటే మొకం చెల్లలే సారూ. మీరు మంచిగనే చెప్పిండ్రు. నాకే చాతకాలె" అన్నాడు.

అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒక మాట తోచింది. మనం "ఉరుకులు పరుగులు" అంటాం కదా! ఆ రెండు మాటలనూ కలిపి ఒక జంట కట్టింది మన భాషే. ఒకదాన్ని వేదిక ఎక్కించి మరొకదాన్ని గుమ్మం బయట నిలబెట్టింది నేను. ముప్పయ్యేళ్ళ పాఠాల్లో ఎన్ని ఉరుకులను ఎర్రసిరాతో కొట్టేశానో లెక్క లేదు. అంతకన్నా బాధ మరొకటి. ఆ రాత్రి అతను భయపడుతూ కూర్చున్నప్పుడు నా దగ్గర నేర్చిన వ్యాకరణం తోడుంది గానీ, నేను తోడు లేను. నా ఫోను నంబరు అతని దగ్గర లేనే లేదు. నేను ఇవ్వలేదు.

పెద్దయ్యగారితో ఇదంతా చెప్పాను. ఆయన తప్పు పట్టలేదు. అజరయ్యగారి సంగతి ఎత్తారు. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1909లో డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. మా తాతగారి తరానికి ఆయన పేరు చెబితే చేతులు జోడించేవారు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్లదొరల ముందు నిలబడి, మీరు చేసిన త్యాగాలకు కృతజ్ఞులమే గానీ మాకు కావలసింది స్నేహితులు అన్న భావంతో మాట్లాడారు. సభలో చాలామందికి అది రుచించలేదు. "డబ్బిచ్చారు, బళ్ళిచ్చారు, పక్కన కూర్చోలేదు. అదే ఆయన బాధ. మనం ఇప్పుడు పల్లెవాళ్ళకు దొరలమైపోయాం మాస్టారూ, నేను కూడా" అన్నారు పెద్దయ్యగారు. అజరయ్యగారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. పల్లె బోధకులతో, వాళ్ళ భార్యలతో కలిసి పాఠాలు నడిపిన మనిషి. ఆ చెట్ల కింద మా తాతగారు కూర్చుని ఉంటారు. ఆయన సంచీలో ఏముండేదో నాకిప్పుడు తెలుసుకోవాలని ఉంది. అది ఎప్పుడో చెదలు పట్టి పోయింది.

ఆ కుర్రవాడు మూడు నెలల తరువాత వచ్చాడు. నేను క్షమాపణ చెప్పబోతే ఇబ్బంది పడ్డాడు, అందుకని సగంలో ఆపేశాను. ఇప్పుడు నా గంటలో పద్ధతి మారింది. వాళ్ళు తమ ఊరి మాటలు తెస్తారు, నేను నోటుబుక్కులో రాసుకుంటాను. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలకు పైన అచ్చువేసిన రాగం, తాళం పేర్లు నేను చెబితే, అవే కీర్తనలను మెదక్ వైపు ఆడవాళ్ళు ఏ వరసలో పాడతారో బైబిలు స్త్రీ పాడి వినిపిస్తుంది. రాత్రి తొమ్మిది తరువాత అప్పుడప్పుడూ ఫోను మోగుతుంది. ఎక్కువసార్లు నా దగ్గర జవాబు ఉండదు. వింటాను.

ఎర్రపెన్ను పారేయలేదు. మొన్న దానికి సరైన పని దొరికింది. ఆ పల్లెలో సమాధులకు స్థలం ఇప్పించమని తహశీల్దారుగారికి అర్జీ. అక్కడ మాత్రం మర్యాదగల తెలుగు కావాలి, తప్పులు ఉండకూడదు, సర్వే నంబరు పొరబడకూడదు. నలుగురం కూర్చుని మూడుసార్లు దిద్దాం. "సారూ, గీడ కొట్టెయ్యి, గీ మాట బరువైతలేదు" అని ఈసారి అతనే నాకు చెప్పాడు. అతను చెప్పిందే బాగుంది. అర్జీ ఇచ్చి రెండు నెలలు కావస్తోంది. జవాబు రాలేదు. వచ్చే రెండో శనివారం నాటికి రాకపోతే మళ్ళీ వెళ్ళాలని అనుకున్నాం, ఇద్దరమూ.

ఆ వేదాంత కళాశాలలో ఎవరి భాష్యం చెబుతారని అడిగిన మిత్రుడు ఇది చదువుతూ ఉంటే, ఆలస్యంగానైనా నా జవాబు: అక్కడి సంగతి అక్కడివారిని అడగండి. మా పైవాటాలో మాత్రం గొయ్యి ఒడ్డున నిలబడిన తల్లికి సమజ్ అయ్యేలా ఒక మాట ఎలా చెప్పాలో నేర్చుకుంటున్నాం. నేనింకా మొదటి తరగతిలోనే ఉన్నాను.